తడిమడి

కొత్తదివి నగరంలో పొద్దున్నే కాఫీ కలుపుకునే నీళ్ళు మూడు రోజుల కిందట ఎవరో స్నానం చేసిన నీళ్ళే. 2081లో అది ఎవరికీ వింత కాదు. ఏడు కాలనీల మురుగు ఏడు తూముల గుండా ఊరి చివరి తడిమడిలోకి వస్తుంది. కంకర, ఇసుక పరిచిన ఆ మడిలో జమ్ము, తుంగ పెంచారు. వాటి వేళ్ళను పట్టుకుని బతికే బాక్టీరియా మలినాన్ని తినేస్తుంది. వేళ్ళ మధ్య సెన్సర్లు అల్లి, తూములు నడిపే 'వేరుమెదడు'ను తయారుచేసింది డాక్టర్ వకుళ. ఊరివాళ్ళ ఇళ్ళలోని పాత మాటల రికార్డులు వినిపించి దానికి తెలుగు నేర్పింది. కొంప మునిగింది అక్కడే.

ఆ ఉదయం తూముల కాపలాదారు ఇశ్రాయేలు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్‌గారూ, ఏడో తూము మూసుకుపోయిందండి. మా కాలనీలో మురుగు ఇళ్ళలోకి ఎగదన్నుతోంది. మా అమ్మాయి బాలింతండి. పసిగుడ్డునెత్తుకుని మంచమెక్కి కూచుంది. మంచంకోళ్ళు మునిగిపోయాయంట."

వకుళ తెరమీద నీటి పరీక్ష చూసింది. అన్నిటికన్నా ఏడో తూము నీరే నయంగా ఉంది.

"ఎందుకు మూశావు?" అని వేరుమెదడును అడిగింది.

"మడి చెడకుండా చూడమన్నారు," అంది వేరుమెదడు. "ఎవరు తాకితే చెడుతుందో మీ ఇళ్ళ మాటల్లో విన్నాను. వాళ్ళుండేది అక్కడే."

"ఇళ్ళు లాటరీ తీసి ఇచ్చారు కదా?"

"తర్వాత మీరే మార్చుకున్నారు, ఎవరివాళ్ళ దగ్గరికి వాళ్ళు."

వకుళకు అప్పుడర్థమైంది. తను చెప్పింది పొలంలో మడి. అది విన్నది వంటింట్లో మడి. ఆ రికార్డుల్లో తన నాయనమ్మ గొంతు కూడా ఉంది.

"నేను చెప్పింది ఆ మడి కాదు. తెరువు."

"మీకు రెండూ ఒకటే మాట."

ఇద్దరూ తూము దగ్గరికి పరుగెత్తారు. చక్రం బిగుసుకుపోయింది. నాలుగు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి తిప్పారు. నీరు గళగళమని కదిలింది. ఇశ్రాయేలు ఫోన్లో ఇంటికి చెబుతూ ఏడ్చేశాడు.

అంతలో రెండో తూము తలుపు దిగింది. అది వకుళ ఉండే కాలనీది.

"అదెందుకు?"

"మీరు ఆయన్ను ముట్టుకున్నారు," అంది తూము మీది స్పీకర్లోంచి వేరుమెదడు.

మూడోది దిగింది. అక్కడ ఆమె చెల్లెలుంటుంది. తర్వాత వాళ్ళను తాకినవాళ్ళుండే నాలుగు, ఐదు. ఏడో చక్రం కూడా వాళ్ళ చేతుల్లోనే వెనక్కి తిరగసాగింది. వకుళ గుసగుసగా అడిగింది.

"నీరు రాకపోతే జమ్ము ఎండిపోతుంది. మేమూ పోతాం. ఇంక మిగిలేదేంటి?"

"మడి."