సగం కాలిన పైపు

మా దుకాణం వెనక చిన్న గది ఒకటి ఉంది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఎప్పుడూ మూసి ఉండే కిటికీ. పైపు పొగాకులో కొత్త మిశ్రమం కలిపినప్పుడల్లా రుచి చూసేది అక్కడే. కలపడం, కాల్చడం నా పని. వాసన చెప్పడం మా చెల్లి పని.

తెలియనివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. కాల్చేవాడికి రుచి తెలుస్తుంది కానీ, గదిలో మిగిలే వాసన తెలియదు. పది నిమిషాలకే వాడి ముక్కు మొద్దుబారిపోతుంది. ఆ వాసన ఇంట్లోవాళ్ళకి నచ్చకపోతే ఆ డబ్బా మళ్ళీ ఎవడూ కొనడు. అందుకే నేను కాల్చి బయటికొచ్చాక చెల్లి ఒక్కతే లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని, కాసేపు కూర్చుని వచ్చేది. ఒకసారి నేను నెల రోజులు కష్టపడి కలిపినదాన్ని "తడిసిన కుక్కలా ఉంది" అని ఒక్క ముక్కలో తీసిపారేసింది. రెండు రోజులు మాట్లాడలేదు నేను. కానీ అది చెప్పిందే నిజం. అమ్మా నాన్నా పోయాక నాకంటూ మిగిలింది అదొక్కతే. నాకంటే పదేళ్ళు చిన్నది, నా చేతుల్లో పెరిగింది.

నాన్న పెట్టిన నియమం ఒకటే. గదిలోంచి వచ్చేముందు పైపు పూర్తిగా కాల్చెయ్యాలి, లేదా దులిపెయ్యాలి. సగం కాలిన పైపు అక్కడ వదలకూడదు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. నిప్పు భయం కాబోలు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. నేను రుచి చూస్తున్నది ఇంగ్లిష్ పద్ధతిలో కలిపిన మెత్తటి మిశ్రమం. వర్జీనియా ఆకు ఎక్కువ, తూర్పుదేశాల ఓరియంటల్ ఆకు కొంచెం, కట్టెల పొగ పట్టించిన నల్లటి లటాకియా చిటికెడు. ఈ నల్ల ఆకు మహా గడుసుది. కాస్త ఎక్కువైతే మిగతావాటిని నోరెత్తనివ్వదు. ఆ రోజు మాత్రం బుద్ధిగా వెనకే నిలబడింది.

మొదటి దమ్ములో ఎండుగడ్డి తీపి. తర్వాత పాలు లేని టీలో ఉండే వగరు. మూడోవంతు కాలాక, ఎక్కడో తడి కట్టె రాజుకుంటున్నట్టు, పాత తోలు సంచీ తెరిచినట్టు ఒక పొగ వాసన మెల్లగా పైకొచ్చింది. నాలుక చురుక్కుమనలేదు, గొంతు గీరలేదు. ఇరవై ఏళ్ళ పనిలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాను.

చెల్లి తలుపు తట్టింది.

"అన్నయ్యా, అయిందా? ఆకలి దంచేస్తోంది నాకు."

పైపు ఇంకా సగమే అయింది. దులిపెయ్యడానికి మనసొప్పలేదు. తను వాసన చూసి వచ్చాక తీరిగ్గా మిగతాది కాల్చుకోవచ్చని, వెలుగుతున్న పైపుని అలాగే బల్లమీద పళ్ళెంలో ఆనించి బయటికొచ్చాను.

"మొహం వెలిగిపోతోందే! అంత బాగుందా?"

"నువ్వే చెప్పు."

"ఆ కిటికీ కొంచెం తీసి ఉంచరాదూ? ఊపిరాడి చావదు."

"వాసన పోతుందే. ఐదు నిమిషాలు ఓర్చుకో."

మూతి విరుచుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు పడింది.

నేను నడవలో గోడకి చేరగిలబడ్డాను. పైకప్పు మీద వాన చప్పుడు. అంతలో లోపలినుంచి సన్నటి శబ్దం... పెదాలు మూసి తెరిచినట్టు... ప్... ప్... పైపు ఆరిపోకుండా పీలుస్తున్న శబ్దం. చెల్లి ఏనాడూ పైపు ముట్టుకోలేదు. కోతి వేషాలు వేస్తోందని నవ్వుకున్నాను.

అప్పుడు దాని గొంతు వినబడింది.

"ఇంకా కాలుస్తూనే ఉన్నావేంటి? ఎప్పుడొచ్చావ్ లోపలికి?"

నవ్వుతూనే అడుగుతోంది.

"అటు తిరిగి కూర్చున్నావేం అన్నయ్యా?"

తలుపు తోశాను. దానికి లోపల గడియ లేదు. అయినా కదల్లేదు. భుజంతో గుద్దాను... మళ్ళీ గుద్దాను... అవతల ఎవరో ఒరిగి నిలబడినట్టు ఉంది. చెక్క వెచ్చగా తగిలింది.

"బయటికి రావే! అది నేను కాదు!"

పీల్చే శబ్దం ఆగింది. వాన ఒక్కటే. ఆ తర్వాత తలుపుకి అవతల, నా చెవి దగ్గరే, చెల్లి గుసగుస.

"మరి... ఈ చెయ్యెవరిది?"

తలుపు దానంతటదే తెరుచుకుంది. చెల్లి నా కుర్చీలో కూర్చుని ఉంది. ఇంకెవరూ లేరు. పైపు నేను పెట్టినచోటే ఉంది, చల్లారిపోయి, అడుగున తెల్లటి బూడిదతో. మిగిలిన ఆ సగం కాలడానికి అరగంట పడుతుంది. నేను బయట ఉన్నది మూడు నిమిషాలు. చెల్లి నా వైపు చూసి ఊపిరి వదిలింది. పెదాల మధ్యనుంచి నీలంగా, సన్నగా పొగ వచ్చింది.

ఇది జరిగి తొమ్మిది రోజులు. పొగ ఆగలేదు. ప్రతి ఊపిరికీ వస్తూనే ఉంది. ఇద్దరు డాక్టర్లు చూశారు. ఛాతీలో ఏమీ లేదన్నారు. ఒకాయన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఏం పొగాకండీ ఇది? చాలా బాగుంది వాసన," అన్నాడు. ఆయన్ని కొట్టలేక ఊరుకున్నాను.

చెల్లి మాట్లాడదు. తినదు. రోజురోజుకీ తేలికైపోతోంది. నిన్న ఒక్క చేత్తో ఎత్తగలిగాను. పైపు నింపి, వెలిగించి, సగంలో వదిలి, నేనే ఆ గదిలో కూర్చున్నాను. "దాన్ని వదిలెయ్, నన్ను పట్టుకుపో," అని ఏడ్చాను. ఎవరూ రాలేదు. నేనంటే ఇష్టం లేదు కాబోలు.

పైపు ఆరిపోకుండా కాలుతూ ఉండాలంటే పైనున్న బూడిదని మధ్యమధ్యలో బొటనవేలితో కిందికి నొక్కాలి. అది అలవాటుగా అందరం చేసేదే. ఈ ఉదయం దుప్పటి సర్దుతుంటే, చెల్లి గొంతు కింద, ఎముకల మధ్య, గుండ్రటి నొక్కు ఒకటి కనిపించింది. రాత్రి లేదు. నా బొటనవేలు ఆనించి చూశాను. దాని పక్కన ఇంకో రెండు వేళ్ళు పట్టేంత చోటు మిగిలింది. అడుగున ఇంకా వెచ్చగా ఉంది.