ఫ్యాన్ బెల్టు

"మీ అన్నది గుండెపోటు కాదు," అన్నాడు చీఫ్ మల్లికార్జున్.

"ఎరుకే సార్," అన్నాడు ఏజెంట్ పరమేష్.

కేతేపల్లిలో బావుల పూడిక తీసిన కుటుంబం పరమేష్‌ది. తాడు కట్టి దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే లోపల కాలు పెడతారు. అలాంటి ఇంట్లో పుట్టిన అతని అన్న, ఏజెంట్ లింగస్వామి, షాద్‌నగర్ శివారు ఫ్యాక్టరీ సెల్లార్‌లో ఊపిరాడక పోయాడు. తనంతట తాను దిగి ఉండడు. ఎవరో తోసేశారు.

"విదేశీ ముఠా," చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "ఒక యాసిడ్‌ను వేడిచేసి, దాని అణువుల్లోంచి కార్బాక్సిల్ గ్రూపును ఊడగొడ్తున్నరు. ఊడింది కార్బన్ డయాక్సైడ్ అయి పోతది. మిగిలింది విషం. సెల్లార్‌ల సీసాలున్నయ్. ఇయ్యాల దేశం దాటుతయ్. మన ఏజెంట్ మనీష లోపల్నే ఉంది."

"ఆమె ఎవరి మనిషి సార్?"

"గదే తేల్చు."

ఎలక్ట్రీషియన్ వేషంలో పరమేష్ గేటు దాటాడు. రియాక్టర్ బుసకొడుతోంది. గాలికంటే బరువైన ఆ కార్బన్ డయాక్సైడ్ పగిలిన గొట్టంలోంచి సెల్లార్‌లోకి దిగుతోంది. దాన్ని బయటికి లాగేది కొత్తగా బిగించిన ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యానే. పరమేష్ దాని బెల్టు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మోటారు హోరు ఆగలేదు. రెక్కలు ఆగాయి.

వీపుకు పిస్టల్ తగిలింది. వెనకే ఖరీదైన సెంటు వాసన.

"అచ్చం మీ అన్న కండ్లే," నవ్వింది మనీష. అతని చేతిని గొట్టానికి కలిపి బేడీ వేసింది.

"నువ్వే తోసినవా?"

"దీపం కావాలన్నడు. గంత టైమ్ యాడిది?"

బయట ముఠా కారు హారన్ కొట్టింది. ఆమె సెల్లార్ తలుపు తీసింది.

"జర ఆగు మేడమ్. దీపం దించి చూస్కో."

"మోటారు ఇనబడ్తలేదా? పిచ్చోడా!"

దిగింది. సీసాల పెట్టె అందుకుంది. వెనక్కి తిరిగేలోపు కుప్పకూలింది.

పరమేష్ వాచీలోని తీగరంపం బేడీని కోసింది. ఇయర్‌పీస్‌లో, అంతా వింటున్న చీఫ్ గొంతు: "కారు పట్టుకున్నం! మనీష ప్రాణంతోటి కావాలె. ముఠా పేర్లన్నీ ఆమెకే ఎరుక. దిగు!"

పరమేష్ రియాక్టర్ ఆపాడు. బెల్టు బిగించాడు. లైటర్‌కు తాడు కట్టి, వెలిగించి, మెల్లగా లోపలికి దించాడు. ఆరిపోయింది. పైకి లాగి మళ్లీ వెలిగించాడు.

"ఏం చేస్తున్నవ్ పరమేష్? దిగవయ్యా!"

"దీపం నిలవకుంటె దిగం సార్. మా ఇంటి పద్ధతి," అన్నాడు పరమేష్, తాడు ముడి సరిచూసుకుంటూ. "మా అన్ననడుగుండ్రి."