నూట పదిహేడో చెట్టు

"నాలుగింటికి ముసలాయన్ని పట్టుకుంటున్నాం." ఇయర్‌పీస్‌లో చీఫ్ విజయ గొంతు. "గుడ్ వర్క్, హైందవీ!"

ఏజెంట్ హైందవి ఇయర్‌పీస్ వాల్యూమ్ తగ్గించింది. ఆ ముసలాయన ఇచ్చిన టిఫిన్ డబ్బా టేబుల్ మీదే ఉంది. కొత్త పెళ్ళికూతురు కడుపు మాడ్చుకోకూడదని రోజూ ఇంటినుంచి ఏదో ఒకటి తెస్తాడు. ఇవాళ కొబ్బరి బొబ్బట్లు. ఒకటిన్నర తింది. మిగతావి డబ్బాలోనే వదిలేసింది.

తొండియార్‌పేట సముద్రపొడ్డున కొత్త పార్కు వస్తోంది. దాని కిందే నేవీ సీక్రెట్ కేబుల్. దానిమీద ఒక విదేశీ ముఠా కన్నేసింది. పార్కు డిజైన్ చేస్తున్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆదికేశవులు ఆఫీసులోకి హైందవి బిమ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పే ట్రైనర్ వేషంలో దిగింది. నలభై ఏళ్ళు పెన్సిల్‌తో చెట్లు గీసిన మనిషికి కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ నేర్పింది. అందులో ప్రతి చెట్టుకీ వివరాలుంటాయి: జాతి, ఎత్తు, వేళ్ళ లోతు, చివర్లో రిమార్క్స్.

ముఠా మనిషి ఆదికేశవులేనని చెప్పింది మధుమిత. సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధిగా తిరిగే ఏజెన్సీ ఇన్‌ఫార్మర్. ఎర్ర చీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె మాట నమ్మి పొద్దున రిపోర్టులో ఆయన పేరు రాసింది హైందవే.

"ఏం మా, తినలే?" ఆదికేశవులు తొంగిచూశాడు.

"తిన్నాను సార్."

"అబద్ధం. సరి, రెండొందల పన్నెండు చెట్లకీ రిమార్క్స్ రాసేసినా. నాలుగింటికి మోడలు దానంతట అదే సైటుకి పోతుంది, ఆళ్ళు గుంతలు తవ్వుకుంటారు. కాఫీ తెస్తా ఉండు."

ఆమె లిస్టు తెరిచింది. అందులో రెండొందల పదమూడు చెట్లున్నాయి.

నలభై ఒకటి, వేప: వేరుశనక్కాయలాయన బండి ఈడ.

యాభై ఎనిమిది, పొన్న: హార్బర్ షిఫ్ట్ దిగినోళ్ళు పడుకుంటారు.

తొంభై, పొగడ: మా ఇంటామె అలివేలుకి పూలు.

నూట పదిహేడు: ఖాళీ.

మోడల్‌లో భూగర్భం ఆన్ చేసింది. ఆ చెట్టు గుంత సరిగ్గా కేబుల్ మీద. పెట్టిన లాగిన్ ఆదికేశవులుది. టైము నిన్న పదకొండు. కానీ నిన్న పదకొండింటికి ఆయన సైటులో ఆమెకే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు!

ఆ పాస్‌వర్డ్ పెట్టింది హైందవి. ఆయన కాక, చెప్పింది ఇంకొక్కరికే.

మూడు యాభై ఎనిమిది.

"ఇంకా కూర్చున్నావా, డియర్?" గుమ్మంలో మధుమిత.

"నూట పదిహేడో చెట్టు కింద ఎవరు కూర్చుంటారు?"

కళ్ళద్దాలు దిగాయి. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ లేచింది. "కూర్చోరు. గుంతలోకి మావాళ్ళు దిగుతారు. జరుగు."

హైందవి చెయ్యి టిఫిన్ డబ్బామీద పడింది. మరుక్షణం అది మధుమిత మణికట్టుకి తగిలింది. పిస్టల్ ఒక మూలకి, బొబ్బట్లు ఇంకో మూలకి. స్క్రీన్ మీద ఆటో-అప్‌లోడ్ నడుస్తోంది. తొంభై ఎనిమిది శాతం... తొంభై తొమ్మిది...

క్యాన్సిల్.

ముసలాయన కోసం వచ్చిన కమాండోలు బేడీలు మధుమితకి వేశారు. హైందవి నల్లపూసల్లోని మైక్ చీఫ్‌కి అంతా వినిపించింది మరి.

ఆదికేశవులు రెండు కాఫీలతో వచ్చాడు. "ఎవురు మా ఆళ్ళంతా?"

"లైసెన్స్ చెకింగ్, సార్."

"సరి సరి." ఆయన కూర్చుని అరవై నాలుగో చెట్టుకి ఒక ముక్క కలిపాడు: హైందవి, వాళ్ళాయన ఈడ కూర్చుంటారు.

ఆమె తలెత్తలేకపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్. "ఫైనల్ రిపోర్ట్ చూశాను. తప్పుడు పేరు ఎలా వచ్చిందన్న చోట రిమార్క్స్ ఖాళీ పెట్టావేం? ఖాళీగా వదిలేది ఎలాంటివాళ్ళో ఇవాళ నువ్వేగా కనిపెట్టావు!"