దూది పట్టిన పెట్టె

నవతను చంపింది పెట్టె. ఆమె చేతి తప్పని ఫైల్లో రాసింది ఆఫీసు. ఆ రాత అబద్ధం.

ఏజెంట్ పర్శరాములు ఆ మాట కరీంనగర్ సేఫ్‌హౌస్‌లో చీఫ్ హనుమండ్లు ముఖం మీదే అన్నాడు. నవత అతని భార్య. ఆదిలాబాద్ డిపోలో పెట్టెలో డిటోనేటర్లు సర్దుతుంటే నిప్పురవ్వ లేచింది.

చీఫ్ తల దించుకునే బ్రీఫింగ్ ఇచ్చాడు. ఆ పెట్టెల ప్లాస్టిక్‌లో కార్బన్ నానోట్యూబులు కలుపుతారు. కంటికి ఆనని గొట్టాలు. అవి ఒకదానికొకటి తగిలి వలలా అల్లుకుంటే, రాపిడికి పుట్టిన కరెంటు నిలవకుండా దిగిపోతుంది. కలిపే మిషన్ స్క్రూను మరీ జోరుగా తిప్పితే గొట్టాలు తునిగిపోతాయి, వల తెగుతుంది, కరెంటు నిలిచిపోయి రవ్వ లేస్తుంది. నలుపు అదే, బరువు అదే, ల్యాబులో పాళ్లూ అవే, తేడా పట్టుబడదు. ఓ విదేశీ ముఠా ఫ్యాక్టరీలో ఆ స్పీడే పెంచిందని అనుమానం. కొత్త పెట్టెల లోడు అదే డిపోకు బయల్దేరింది. వెంట మన ఏజెంట్ మమతారాణి ఉంది, ప్లాంట్ ఇంజనీరు వేషంలో.

“నా పెండ్లాం పోయినంక వచ్చిందా సారూ అనుమానం?”

పర్శరాములు జీపెక్కాడు. ఫ్యాక్టరీ మీద కన్నేసేందుకు కట్టిన జమ్మికుంట పత్తి బేరగాడి వేషం ఇంకా ఒంటి మీదే ఉంది. భుజాన గొంగడి, జేబులో శాంపిల్ దూది.

డిపో గేటు దగ్గర మమతారాణి. ఎర్రటి సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు.

“పత్తి తడిసిందా?” అందామె.

“మంచుకు తడిసింది.”

కోడ్ కలిసింది. పెట్టెల్లో కరెంటు దిగుతుందో లేదో కొలిచే మీటర్ ఆమె లిప్‌స్టిక్‌లో దాచింది, తీసి చూపించింది. రీడింగ్ నిక్షేపంలా ఉంది.

“ఓకే అన్నా. జర ఫికర్ చేయకు.”

లోపల, నవత కూర్చునే బల్ల దగ్గర బాలవ్వ అనే ముసలామె కూర్చుంది. డిటోనేటర్ పట్టిన చెయ్యి పెట్టె అంచుకు చేరింది.

“ఆపు అవ్వా.”

ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. పర్శరాములు పెట్టెను దూరంగా లాక్కుని గొంగడితో గట్టిగా రుద్దాడు. దాని నిలువు పక్కకు దూది ఆనించి వదిలాడు. వల బాగుంటే కరెంటు దిగిపోయి దూది జారిపోవాలి. ఇది జలగలా కరుచుకుంది.

మమతారాణి నవ్వింది. “దూదితోటి సైన్సు చేస్తుండు గీయన.”

“నీ మీటర్ మీద గంత నమ్మకముంటే, డిటోనేటర్ నువ్వే పెట్టు.”

ఆమె నవ్వు ఆరిపోయింది. వెనకడుగు వేసింది. స్పీడు పెంచిన చెయ్యి ఎవరిదో ఆ అడుగే చెప్పింది. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికి వచ్చేలోపు గొంగడి ఆమె తల మీద పడింది. తర్వాత బేడీలు పడ్డాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. ఫైలు దిద్దుతామన్నాడు. సంతాప సభ పెడతాం, నవత గురించి నాలుగు మాటలు చెప్పాలన్నాడు.

“ఫైలు దిద్దుకోండ్రి, అది మీ తప్పు. మాటలు కావాలంటే గీ దూదిని అడుగుండ్రి. నవత ముచ్చట ఇగ మీ సభల నా నోటెంట రాదు.”