ఆకుమూట తడిపిన పిల్లి

తెల్లారి ఆకుమూట విప్పగానే శాంతవ్వ ముక్కు మూసుకుంది. రాత్రి తడిపి, గుడ్డలో చుట్టి, గోడకు ఆనించిన బీడీ ఆకు గుప్పుమని పిల్లి ఉచ్చ కంపు కొడుతోంది. నెలలో ఇది నాలుగోసారి. మొన్న ఇలాంటి ఆకుతో చుట్టిన బీడీలను, ఆకిచ్చి బీడీలు తీసుకునే టేకేదారు వాసన చూసి మొత్తం వాపసు కొట్టాడు. ఎల్లారెడ్డిలో వాళ్ల వాడంతా ఆ ముచ్చటే చెప్పుకుని నవ్వింది.

"చందనా! నీ పిల్లి చేసిన పని చూడు!"

ఎలుకలు ఆకు కొట్టేస్తాయని బీడీలు చుట్టే ఇండ్లలో పిల్లి ఉండడం మామూలే. ఈ ఇంట్లో మూడున్నాయి. వీధికుక్కల భయంతో వాటిని గడప దాటనివ్వరు. పటేలు అనే ముసలి గండుపిల్లీ, మల్లి అనే ఆడపిల్లీ శాంతవ్వవి. మూడోది చిన్నోడు, ఆర్నెల్ల కింద కొత్త కోడలు చందనతో పాటు మాచారెడ్డి నుంచి వచ్చాడు. బీరువా తెచ్చుకునే కోడళ్లను చూశాం గానీ పిల్లిని తెచ్చుకునేదాన్ని ఇప్పుడే చూస్తున్నామని చుట్టాలంతా వేళాకోళం చేశారు కూడా.

"నా పిల్లే చేసిందని నువ్వు చూసినవా అత్తమ్మా?"

"చూసుడెందుకు? అది రాకముందు ఈ కంపు ఉండెనా?"

చందన కత్తెర కింద పెట్టింది. "ఆర్నెల్ల సంది ఇంట్ల ఏది చెడినా నా మీదనే ఏస్తున్నవ్. పప్పు మాడితే నేను, పాలు ఇరిగితే నేను. ఇయ్యాల ఆకు తడిస్తే నా పిల్లి!"

"ఏందే నోరు లేస్తున్నది? మీ అవ్వగారింట్ల గిదేనా నేర్పింది? మైసన్నా, సంచి తియ్యిరా. దాన్ని లింగంపేట అవతల ఇడిసిపెట్టి రా."

పిల్లితో తంటా వస్తే సంచిలో కట్టి ఊరు దాటించడం అక్కడ కొత్త కాదు. కొడుకు మైసన్నకు పెళ్లాం ముందు నోరు పెగలదు, తల్లి ముందు అసలే పెగలదు. ఆటో తాళం జేబులో వేసుకుని, సంచి దులిపాడు మహానుభావుడు.

చందన చిన్నోణ్ణి ఒళ్లో పెట్టుకుని గడపకు అడ్డంగా కూర్చుంది.

"వీడు పోతే నేనూ పోత. మల్ల రాను."

"బెదిరిస్తున్నవా?"

"బెదిరిస్తలేను, చెప్తున్న. నాలుగు దినాలు ఆగు. వీణ్ణి వెనక అర్రల పెట్టి తాళమేస్త. తాళంచెవి నీ కొంగుకే కట్టుకో. అప్పుడు గూడ ఆకు తడిస్తే ఏమంటవ్?"

కొడుకు చేతిలోంచి సంచి జారిపోయింది. శాంతవ్వ చెయ్యి చాపి తాళంచెవి అందుకుంది.

మూడోనాడు పొద్దున అత్తాకోడళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. పటేలు లేచి ఆకుమూట దగ్గరికి నడిచాడు. దానికి వీపు తిప్పి నిలబడి, తోక నిక్కబొడిచి వణికించాడు. సన్నటి ధార గుడ్డ మీద పడింది. చందన గబుక్కున అత్త మొహంలోకి చూసింది. అక్కడ ఆశ్చర్యం లేదు. భయం ఉంది.

"అత్తమ్మా, నీకు ముందే తెల్సు!"

శాంతవ్వ చాట పక్కకు పెట్టింది. "మొదటిసారే చూసిన" అంది. "మీ మామ పాలు పట్టి పెంచిండు వీణ్ణి. ఆయన పోయినంక నా పక్కనే పండుతున్నడు. నిజం జెప్తే వీణ్ణే సంచిల కడ్తరని భయపడ్డ. కొత్తగ వచ్చినదాని మీద ఎయ్యనీకి నాకు నోరెట్ల వచ్చిందో!"

ఆమె ఏడుస్తుంటే చందనకు జాలి వేసింది. కానీ కోపం అంతకంటే ఎక్కువుంది, దాన్ని దాచుకోలేదు.

"నువ్వు ఏడ్చినవని నేను మర్చిపోను. నా పుట్టింటోళ్లను గూడ తిట్టినవ్. అయినా పటేల్ను సంచిల కట్టనియ్య. రేపు కామారెడ్డి పశువుల దవాఖానకు పోదాం. తప్పు ఎవరిదో డాక్టరు ముందట నువ్వే చెప్పాలె."

మర్నాడు దవాఖానలో డాక్టరు పటేల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త పిల్లి వచ్చాక తన జాగా పోతుందన్న బెదురుతో గండుపిల్లి ఇలా ఉచ్చతో తన హద్దు గీసుకుంటుందట. ఆపరేషన్ చేస్తే చాలావరకు తగ్గుతుందట. మూడింటికీ వేరువేరు గిన్నెలు, పడకలు, దొడ్డికి ఇసుక తట్టలు పెట్టమన్నాడు. శాంతవ్వ ఇన్నాళ్లూ ఫినాయిలు గుమ్మరించి ఊదు పొగ వేసింది. దాంతో మనుషులకే వాసన పోతుందనీ, పిల్లి ముక్కుకు పోదనీ, సబ్బునీళ్లతో బాగా కడిగి ఎండబెట్టమనీ చెప్పాడు.

"ఇదంతా ఎందుకు, కొత్తదాన్ని పంపించేస్తాం అంటారు చాలామంది. మీరేమంటారు?"

బర్రెలు తోలుకొచ్చిన రైతులంతా చూస్తుండగా శాంతవ్వ లేచి నిలబడింది.

"పంపియ్య సారూ. చేసింది నా పిల్లి. తెల్సి తెల్సి నా కోడలి మీద నింద ఏసిన. మూడు పిల్లులు నా ఇంట్లనే ఉంటయ్. ఈ పిల్ల నా ఇంట్లనే ఉంటది. పొమ్మనే హక్కు నాకు గూడ లేదు."

ఇన్ని రోజుల కొట్లాటలో ఒక్క చుక్క రాల్చని చందన, అంతమంది ముందూ అత్త భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.