మూడో తుమ్ము

హాసిని మామ్మ తన మనవరాలు బుల్లెమ్మ సంచి మూడోసారి విప్పి మళ్ళీ సర్దింది. రెండు గౌన్లు, దువ్వెన, పొట్ట కోసి కుట్టిన గుడ్డబొమ్మ. మూడు కిలోలు దాటితే ఎగువబడి బండి ఎక్కించుకోదు.

"మామ్మా, దువ్వెనకి ఎనభై రెండు పళ్ళున్నాయి. ఒకటి విరిచెయ్యనా?"

"దాని జోలికెళ్ళావంటే నీ పళ్ళు విరుస్తాను. ముందు తిను."

బుల్లెమ్మకి ఏడేళ్ళు. సరిసంఖ్య అంటే ఒళ్ళు మంట. మూడిడ్లీలు తింటుంది, అయిదు తింటుంది, నాలుగు పెడితే ఒకటి పిల్లికి. తరగతిలో ఇరవై నలుగురున్నారని మాస్టారు అన్న పాపానికి, "అయితే నేను బయట కూచుంటానండి" అని వారం రోజులు వరండాలో కూచుంది. అన్నం కుక్కరుకి మాటలు నేర్పింది. బియ్యం కడక్కుండా పోస్తే అదిప్పుడు మామ్మని తిడుతుంది.

ఇవన్నీ పిల్ల చెవి వెనక అంటించిన మేధాబిళ్ళ ఎప్పటికప్పుడు పైకి చేరవేసింది. చంద్రుడి అవతలి వైపున్న, ఇలాంటి పిల్లల్ని ఏరి తీసుకెళ్ళే ఎగువబడి నుంచి పిలుపొచ్చింది. సముద్రం మీద గాలిమరల పనిలో ఉన్న కొడుకూ కోడలూ అక్కణ్ణుంచే ఒప్పుకుంటూ వేలిముద్ర వేసేశారు. పిల్లకి వంతు ఒక్కసారే. తొమ్మిదీ నలభై దాటితే ఆకాశద్వారం మూసుకుంటుంది, ఆ పేరు మళ్ళీ పిలవరు.

"అక్కడికి నువ్వూ వస్తావా?"

"నన్ను రానివ్వరే."

బుల్లెమ్మ ఇడ్లీ నమలడం ఆపింది. "మరి కుక్కరు తిడితే నీకు తిరిగి తిట్టడం రాదుగా?"

తొమ్మిదిన్నరకి బండి వాకిట్లో వాలింది. "నమస్కారమండి. పాపగారు సిద్ధమేనాండి?"

కాకినాడ వచ్చే బండ్లకి మర్యాదల పట్టిక ఎక్కించారు. మొదట్లో శకునం బాగాలేదని తల్లులు తలుపులు గడియ పెట్టుకునేవారు. వాళ్ళతో వేగలేక పైవాళ్ళు బండ్లకే శకునాలు నేర్పారు.

మామ్మ జన్మలో ఎవరి ప్రయాణానికీ తుమ్మి ఎరగదు. వచ్చినా ముక్కు నులుముకునేది. బుల్లెమ్మ బండి మెట్టు మీద కాలు పెట్టగానే, కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వీధి చివరిదాకా వినపడేలా తుమ్మింది.

"ఒంటి తుమ్మండి," అంది బండి. "పాపగారు దిగి, అయిదు నిమిషాలు కూచుని, మంచినీళ్ళు తాగాలండి."

బుల్లెమ్మ అరుగు మీద కూచుని మామ్మని తేరిపార చూసింది. "అది దొంగ తుమ్ము. నిజంగా వస్తే నీ ఎడం కన్ను ముందు కొట్టుకుంటుంది."

"నోర్ముయ్యవే! నీళ్ళు తాగు."

అయిదు నిమిషాలూ అయ్యాయి. "ఇందాకటి మాట నేనూ విన్నానండి," అంది బండి. "పాపగారూ, అది దొంగ తుమ్మేనాండి?"

మామ్మ కొంగుతో మొహం దాచుకుంది. ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు.

బుల్లెమ్మ "హాచ్!" మంది.

"జంట తుమ్ములు శుభమండి! ఎక్కండి." తలుపు బార్లా తెరుచుకుంది.

"ఎంత పని చేశావే తల్లీ!"

బుల్లెమ్మ వేళ్ళు లెక్కపెట్టుకుంది. రెండు. చేదు మందు తాగినట్టు మొహం పెట్టింది. మామ్మ వంక చూస్తూ ఇంకోటి తుమ్మింది.

బండి గుర్రుమంది. "మూడు తుమ్ములకి పట్టికలో ఏమీ లేదండి. పైవాళ్ళని అడుగుతానండి."

పైవాళ్ళకి తుమ్మంటే ఏమిటో ముందు వివరించాల్సి వచ్చింది. జవాబు తొమ్మిదీ నలభై మూడుకి వచ్చింది. బండి ఖాళీగా లేచిపోయింది. నెల తిరిగేసరికి కాకినాడలో ఏ వాకిట్లో బండి ఆగినా మూడు తుమ్ములు వినిపించాయి.

బండి ఖాళీగా వెళ్ళిన పూటే మామ్మ సంచి విప్పింది. అడుగున, తను ఎవరికీ చెప్పకుండా పెట్టిన ఎర్ర రిబ్బను. అది ఆమె కూతురు నైనికది. రెండువేల ఎనభై ఆరు, జూన్ పన్నెండు, పొద్దున తొమ్మిదీ నలభైకి నైనిక ఇదే వాకిట్లో బండెక్కింది. ఆ రోజు తుమ్ము వస్తే హాసిని ముక్కు నులుముకుంది. నైనిక తిరిగి రాలేదు.