చెవులు మూసుకుని చెప్పిన జవాబు

పెద్ద వరదకు వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు జరిగిందిది.

అప్పటికి నాకు అరవై దగ్గరపడ్డాయి. బడిలో గంట కొట్టడం నా పని. పిల్లలు గంట తాత అనేవారు. గంట మోగినంత కూడా నేను మోగనని టీచర్ల వెక్కిరింపు. చదివింది మూడో తరగతి. మాట్లాడింది అంతకన్నా తక్కువ.

ఆ ఏడు పెద్ద పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే రాయాలని పైనుంచి ఆర్డరొచ్చింది. మా బడిలో కంప్యూటర్లు దిగాయి. వాటి వెనకే స్టేట్ ఆఫీసు పంపిన ట్రైనర్ దిగింది. యాభై దాటిన మనిషి, ముక్కు మీద జారే కళ్ళద్దాలు. పొద్దస్తమానం "లాగిన్ అవ్వండి, లాగిన్ అవ్వండి" అంటుంటే, పిల్లలు లాగిన్ మేడమ్ అని పేరు పెట్టేశారు.

మా పరిచయం చీకట్లో జరిగింది. ఆ చీకటి చేసింది నేనే.

వరద నీళ్ళు స్విచ్ బోర్డు దాకా వచ్చినప్పటి నుంచి హెడ్మాస్టారిదొక ఆర్డరుంది. ఆఖరి గంట కొట్టగానే మెయిన్ స్విచ్ దించెయ్యాలి. ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉంది. గంట కొట్టాను, స్విచ్ దించాను. లోపల మొదటి ట్రయల్ పరీక్ష నడుస్తోంది.

పిల్లల గోల. దాన్ని చీల్చుకుంటూ ఆవిడ బయటికొచ్చింది.

"ఎవరండీ కరెంటు తీసింది?"

"నేనే."

"ఎందుకు?"

"గంటైంది."

"గంటైతే?"

"తీస్తా."

"లోపల పిల్లలు పరీక్ష రాస్తున్నారని తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ తీశారా! అంతా పోయింది కదయ్యా! నోట్లో ముత్యాలున్నాయా, ముందే ఒక్క మాట అడిగితే రాలిపోతాయా?"

లేవు. అప్పటికి పళ్ళే సరిగ్గా లేవు. ఆ సంగతి చెప్పలేదు.

"ఇక నేను చెప్పేదాకా ఆ స్విచ్ మీద చెయ్యి పడకూడదు. అర్థమైందా?"

తలూపాను. ఆ చీకట్లో అదీ ఆవిడకు కనబడలేదు.

దాంతో రోజూ ఆవిడ పని అయ్యేదాకా ల్యాబ్ గుమ్మంలో స్టూలేసుకుని కూర్చోవడం నా డ్యూటీ అయింది. ఆవిడ కంప్యూటర్లతో మాట్లాడేది. "లోడ్ అవు తల్లీ... మా తల్లివి కదూ... ఓసి మొండిదానా!" ఒకరోజు నా వైపు తిరిగి, "నవ్వకండి. మా ఆయన పోయాక మాట్లాడ్డానికి ఇవే మిగిలాయి" అంది.

నేను నవ్వలేదు. నా మొహం మామూలుగానే అలా ఉంటుంది.

మా ఇంట్లో నా భార్య పోయాక మాటలన్నీ నా కూతురే మాట్లాడేది. మా బడిలోనే లెక్కల టీచరు. నా వాటా కూడా కలిపి మాట్లాడేది.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. ల్యాబ్ కప్పు కారి, ఇంటర్నెట్ పెట్టె మీదే బొట్టు బొట్టు పడుతోంది. లోపల ట్రయల్ నడుస్తోంది, పెట్టె కదిపితే లైను పోతుంది. గొడుగు తెచ్చి దాని మీద పట్టుకుని నిలబడ్డాను.

"మీరు తడుస్తున్నారండీ!"

"పెట్టె తడవట్లేదు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని నన్ను కొత్తగా చూసింది. కాసేపటికి తన టీ నాకు పట్టించింది. పెట్టెకు పట్టిన గొడుగు వంకర తిరిగి, ఆ టీలోనూ వాన పడింది. తాగాను. అంత మంచి టీ మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు నా కూతురు నన్ను పట్టుకుంది.

"నాన్నా, మీసానికి రంగేశావా?"

"లేదు."

"చెవికి కూడా అంటుకుంది."

తుడుచుకున్నాను.

"చెప్పెయ్ నాన్నా. ఫైనల్ ట్రయల్ అయిపోతే ఆవిడ ఇంకో బడికి వెళ్ళిపోతుంది."

"ఏం చెప్పాలి?"

"రెండు మాటలు చాలు. నువ్వు ఏడాదికి వాడేవి ఎలాగూ అన్నే కదా!"

ఆ రెండూ రాలేదు. రోజూ స్టూలు మీద కూర్చుని గొంతు సవరించుకునేవాణ్ణి. నాకు దగ్గనుకుని ఆవిడ మాత్ర ఇచ్చింది.

ఫైనల్ ట్రయల్ రానే వచ్చింది. అన్ని సీట్లూ నిండాలి, అందరూ ఒకేసారి రాయాలి, ఒక్క మెషీనూ ఆగకూడదు. ఆగితే మా బడికి పరీక్ష సెంటర్ రాదు. పిల్లలు పడవెక్కి ఏరు దాటి టౌన్లో రాయాలి. ఆరోజే కొందరు పిల్లలు జ్వరాలతో రాలేదు. టీచర్లను కూర్చోబెట్టారు. ఇంకా ఒక సీటు ఖాళీ. నా కూతురు నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్ళి అందులో కుదేసింది.

లాగిన్ మేడమ్ వచ్చి నా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించింది. లోకమంతా నిశ్శబ్దమైపోయింది. అందులోంచి ఎవరో తీరిగ్గా చెప్పారు: "మీరు రోజూ చూసే ఒక మనిషి గురించి మాట్లాడండి."

తెర మీద ఎర్రదీపం వెలిగింది.

మెషీన్ కదా, నవ్వదు. ఎవరికీ వినబడదు. మాట్లాడాను.

"మా బడికి లాగిన్ మేడమ్ వచ్చింది. మొదటి రోజే నన్ను తిట్టింది. నన్ను తిట్టేవాళ్ళు లేక చాలా ఏళ్ళైంది. బాగనిపించింది. ఆవిడ కంప్యూటర్లని తల్లీ అంటుంది. నన్నూ ఏదో ఒకటి అంటే బాగుండు. ఈ పరీక్ష సరిగ్గా జరిగితే ఆవిడ వెళ్ళిపోతుంది. పొద్దున మెయిన్ స్విచ్ దగ్గర చాలాసేపు నిలబడ్డా. పరీక్ష మధ్యలో దించేస్తే మళ్ళీ మొదట్నుంచి పెడుతుంది, ఇంకొన్నాళ్ళుంటుంది. పిల్లలు పడవెక్కాల్సొస్తుందని మానుకున్నా. కానీ ఆవిడ వెళ్ళిపోతే నేను..."

ఎర్రదీపం ఆరిపోయింది. టైమైపోయిందట. నా బతుకులో మొదటిసారి మాట్లాడుతుంటే మధ్యలో ఆపేశారు.

హెడ్‌ఫోన్ తీశాను. గదిలో చీమ చిటుక్కుమనలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నా చెవులు మూసి ఉంటే ఊరందరి చెవులూ మూసి ఉన్నాయనుకున్నాను. పైగా వినబడక గట్టిగా అరిచానట. పిల్లలు తమ జవాబులు మానేసి నాది విన్నారు. అందరి మైకుల్లోనూ నేనే ఎక్కాను. ఆ రికార్డింగులన్నీ అప్పుడే స్టేట్ ఆఫీసుకు వెళ్ళిపోయాయి.

హెడ్మాస్టారు సర్దుకుని అడిగారు. "మేడమ్, సౌండ్ పాసైనట్టేనా?"

"పాసే సార్. ఏ సీటూ ఆగలేదు. అన్ని సీట్లలోనూ స్పష్టంగా వినిపించింది."

గది గదంతా నవ్వింది. నేను గంట కొట్టాల్సిన వేళ కాకపోయినా వెళ్ళి గంట కొట్టేశాను. పిల్లలు ఇళ్ళకు పరిగెత్తారు.

ఆవిడ మాత్రం గంట దగ్గరికొచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం పరీక్షల ఆఫీసరుదే.

"మీ జవాబు సగంలో ఆగిపోయిందండీ. మార్కులు వెయ్యలేను."

"ఇంకో ఛాన్సుందా?"

"రేపు ఫస్ట్ బస్సు దాకా."

వెనక నుంచి నా కూతురు గంట కొట్టే కర్ర నా చేతిలోంచి లాగేసుకుంది. "రేపు పొద్దున గంట నేను కొడతా నాన్నా. నువ్వు బస్టాపుకెళ్ళు. రంగు మాత్రం వేసుకోకు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఏటికి ఇవతలి ఊళ్ళకే తిరిగే బస్సు, ఇంజన్ ఆన్ చేసి ఉంది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్క సీటు ఖాళీ. ఎక్కి కూర్చున్నాను. నోరు తెరిచాను. మళ్ళీ దగ్గే వచ్చింది.

ఆవిడ నిట్టూర్చింది. సంచిలోంచి హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది. దాని వైరు దేనికీ తగిలించి లేదు.

మిగతా సగం చెప్పాను. ఆవిడ ఏదో అంది. వినబడలేదు కానీ, పెదాలు "మొండివాడా" అన్నట్టు కదిలాయి.

బస్సంతా చప్పట్లు కొట్టిందట.